సంచిలో ట్రాలీ పిన్ను

ఆ రోజుల్లో ఒక మనిషిని నమ్మాలంటే నాకు ఇద్దరు సాక్షులు కావలసి వచ్చేది. ఆ ఇద్దరినీ నమ్మడానికి ఇంకో నలుగురు. ఇరవై మూడేళ్ల వయసు, అరసికెరె పక్కన ఒక హైస్కూల్లో టెంపరరీ డ్రిల్లు మాస్టరు ఉద్యోగం. (ఉద్యోగమే టెంపరరీ, అనుమానం పర్మనెంటు.) మా ఆడపిల్లల ఖో-ఖో జట్టును తాలూకా పోటీలకు పావగడ చేర్చే పని హెడ్మాస్టరు నా నెత్తిన పెట్టారు. పొద్దున పదింటికి పేర్లు పిలిచేటప్పటికి పిల్లలు మైదానంలో లేకపోతే జట్టు పేరు కొట్టేస్తారు. ముందటేడు అదే జరిగింది. వానల్లేని కరువులో పండిన నాలుగు శెనక్కాయ మూటలూ వేసుకుని, మాట ఇచ్చిన ట్రాక్టరు మండీకి పోయింది. పిల్లలు రిబ్బన్లు కట్టుకుని మధ్యాహ్నం దాకా బడి అరుగు మీద కూర్చున్నారు. అప్పటి కెప్టెన్ పిల్ల ఇప్పుడు పదో తరగతి. ఈ ఏడు తప్పితే మళ్లీ ఆడే అవకాశం లేదు. "ఈసారన్నా పోతామా సార్?" అని రోజూ అడిగేది. అందులోనూ ఏదో ఎత్తిపొడుపు ఉందని నా అనుమానం.

ఈసారీ అదే ట్రాక్టరు, అదే డ్రైవరు. ఊరంతా ఆయన్ను గేరు మామ అనేవాళ్లు. ముందురోజు సాయంత్రమే బండి తెచ్చి బడి ఎదుట నిలిపి, "పొద్దున ఏడుకంతా బయల్దేరుదాం, నువ్వు నిమ్మళంగా ఉండప్పా" అన్నాడు. నిమ్మళంగా ఉండమన్నాడంటేనే ఏదో ఉందనిపించింది. చూద్దును కదా, ఎదురుగా టీ అంగట్లో శెనక్కాయల సావుకారు ఆయనకు టీ ఇప్పిస్తున్నాడు. (బన్ను కూడా. బన్ను దాకా వచ్చిందంటే వ్యవహారం ముదిరినట్టే.) వాళ్లు నవ్వుకుంటూ ఉండగా నేను మెల్లగా బండి వెనక్కి వెళ్లి, ట్రాక్టరుకు ట్రాలీని తగిలించే ఇనుప పిన్ను లాగి నా గుడ్డసంచిలో వేసుకున్నాను. పిన్ను లేనిదే ట్రాలీ కదలదు, ట్రాలీ కదలనిదే మూటలు పోవు. పొద్దున నేనే పిన్ను పెట్టి పిల్లల్ని ఎక్కిస్తాను. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

తెల్లారేసరికి ఇంకో అనుమానం పుట్టింది. పావగడలో మా జట్టు దరఖాస్తు కాగితాన్ని ఎవరైనా కావాలనే పక్కన పడేస్తే? అంతే, సంచి భుజాన వేసుకుని ఆరు గంటల బస్సెక్కేశాను.

మైదానంలో తొమ్మిదిన్నర దాటినా ట్రాక్టరు జాడ లేదు. పేర్లు రాసుకునే పెద్దాయన దగ్గర నిలబడి, టీ తాగేటప్పుడే కనిపెట్టానని, ఈపాటికి మండీలో మూటలు దించుతుంటాడని, గేరు మామను ఏడు తరాల వెనక నుంచీ విమర్శించాను. ఆయన జాలిపడి, ముందు పేర్లయినా రాయమని రిజిస్టరు నా వైపు తోశాడు. పెన్ను కోసం సంచిలో చెయ్యి పెట్టాను. పిన్ను వచ్చింది.

పెద్దాయన దాన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"దీంతో రాస్తావేంది?"

నేను రోడ్డు మీదికి పరిగెత్తాను. పదికి ఐదు నిమిషాలుందనగా, సైకిళ్లు దాటిపోయేంత నెమ్మదిగా, ఎర్రదుమ్ములోంచి మా బండి వచ్చింది. పిన్ను ఉండాల్సిన చోట గడ్డపార దించి, మోకులతో బిగించి కట్టారు. కెప్టెన్ పిల్ల ట్రాలీ ముందు అంచున వంగి, దారి పొడుగునా ఆ కట్టునే కాపలా కాసిందట. దిగుతూనే చెప్పింది: "పిన్ను ఎవరో ఎత్తుకపోయినారు సార్. సావుకారే చేయించినాడని గేరు మామ ఆయప్పతో కొట్లాడినాడు. ఆయప్ప ఒట్టు పెట్టినా నమ్మలే."

నేను సంచిని వీపు వెనక్కి జరుపుకున్నాను.

పిల్లలు ఒక ఆట గెలిచి, రెండోది ఓడారు. ఓడిన ఆటలోనూ కెప్టెన్ నవ్వుతూనే పరుగెత్తింది. తిరుగు ప్రయాణానికి ముందు, ఎవరూ చూడలేదనుకుని, గడ్డపార తీసి పిన్ను పెట్టేశాను. మర్నాడు టీ అంగట్లో గేరు మామ సావుకారుకు టీ, బన్ను ఇప్పించడం కనబడింది. మొదటిసారి నాకు ఏ అనుమానమూ రాలేదు. పిన్ను ఎత్తిందెవరో ఆయనకు తెలిసిపోయిందని అర్థమైంది, అంతే.

మరుసటేడు పోటీలకు ముందురోజు ఆయనే నా గది వాకిట్లోకి వచ్చి, గుడ్డలో చుట్టిన పిన్ను నా చేతిలో పెట్టాడు. "పెట్టుకో సార్. కాకపోతే పొద్దున నువ్వు గూడా ట్రాలీలోనే రా."

తిరిగి ఆయన చేతిలోనే పెట్టేశాను. ఇప్పుడు ముక్కూ మొహం తెలియని డ్రైవర్ల బస్సుల్లో కూడా హాయిగా కునుకు తీస్తున్నాను. ఆ ఇరవై మూడేళ్ల కుర్రాడు ఎప్పుడైనా వచ్చి పక్క సీట్లో కూర్చుంటే మాత్రం, ముందు వాడి సంచి వెతుకుతాను.