చప్పుడు చేసే మిషను

నెవిల్ ఏది కొన్నా మూడు శనివారాలు ఆలోచిస్తాడు. గడ్డి కోసే పాత మిషను మూలపడ్డాక, ప్రతి శనివారమూ బెండిగో ఊరి బజారులోని దుకాణానికి వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని ప్రతి మిషను చక్రమూ తిప్పి చూస్తాడు. పిడి పట్టుకుని రెండడుగులు నెడతాడు. మళ్లీ ధర చీటీ దగ్గరికే వస్తాడు. మూడో శనివారం, అమ్మకాలు చూసే షెరిల్‌కు విసుగొచ్చింది. "పెద్దాయనా, ఈ బ్యాటరీది తీసుకోండి. ధర తగ్గించాం, పెట్రోలు ఖర్చు లేదు. పిల్లి నడిచినంత చప్పుడు కూడా రాదు."

"అదేనమ్మా దీంతో చిక్కు. మా పక్కింటి క్లారీ మంచం పట్టి ఏడాదైంది. వాడి ముంగిట్లో గడ్డి కూడా నేనే కోస్తాను. కోస్తున్నట్టు వాడికి వినపడొద్దూ?"

పెట్రోలుదే కొన్నాడు. ఆ మధ్యాహ్నమే తన గడ్డి కోసి, హద్దు దాటి క్లారీదీ కోసి, మిషను ఆపాడు. తెరిచిన కిటికీలోంచి క్లారీ గొంతు వచ్చింది.

"గేటు దగ్గర పోస్టు డబ్బా కింద వదిలేశావురా, గుడ్డోడా."

మంచం మీంచి ఆ డబ్బా కనపడదు. ఏడాదిగా అక్కడ గుప్పెడు గడ్డి కావాలనే వదిలేస్తున్న నెవిల్, "నీ చెవులు తగలెయ్య" అంటూ మిషను నడిపించేందుకు మళ్లీ తాడు లాగాడు.