వాత కింది గడ్డ

గుమ్మఘట్ట దగ్గరి పల్లెలో ఓబన్న గొర్రెల కాపరి, యాభై దాటిన మనిషి. మేత దొరకని ఏడాది మందను తోలుకుని కర్ణాటక దాకా పోతాడు. గొర్రె కుంటితే కంగారు పడతాడు గానీ, తన ఎడమ భుజం వెనక లేచిన గడ్డను మాత్రం కంబళి ఒరుసుకుని వచ్చిందని ఏళ్ల తరబడి వదిలేశాడు. ఇలాంటి మనుషులంటే నాకు ఒళ్లు మంట.

గడ్డ నిమ్మకాయంత అయ్యాక అనంతపురం ఆసుపత్రికి వచ్చాడు. సర్జన్ పైనుంచి చిన్న ముక్క తీసి నాకు పంపాడు. నేను పెథాలజీ డాక్టర్ని. ముక్కను పలచగా కోయించి, రంగు వేయించి, మైక్రోస్కోపులో చూసి జబ్బు పేరు చెప్పడం నా పని.

స్లైడంతా కాలిన మచ్చే. అక్కడ వేడినీళ్లు పడ్డాయని ఓబన్న సర్జన్‌తో చెప్పాడట. మచ్చ అని రాసేస్తే ఇంటికి పోతాడు. కానీ అడుగున ఒక మూల సన్నటి కణాలు కొన్ని ఈతచాప అల్లికలా కనిపించాయి. మచ్చలో అవి ఉండకూడదు. నేనే వార్డుకు పోయాను.

"నీళ్లు పడినాయా, ఎవరన్నా వాత పెట్టినారా?" అని అడిగాను.

ఓబన్న కిటికీ వైపు చూశాడు. పక్కనున్న భార్య మారెక్క చెప్పింది. "నేనే పెట్టినా మేడం, కొడవలి కాల్చి. గొర్రెలకు పెడతాం గదా, అట్లనే. రెండేండ్లు అణిగింది గూడా."

"ఈ మాట ముందే చెప్పడానికి నీకేమొచ్చింది?" అని ఓబన్న మీద విరుచుకుపడ్డాను.

"చెప్తే దాన్ని తిడతారు గదమ్మా. తిట్టేదానికి నేనుండా గదా," అన్నాడు.

నవ్వొచ్చింది, కోపమూ పోలేదు. సర్జన్‌తో మాట్లాడి వాత కిందినుంచి లోతుగా ఇంకో ముక్క తీయించాను. అందులో అంతా ఆ చాప అల్లికే, కొవ్వులోకి దూరిపోయి ఉంది. అనుమానం లేకుండా మరో రంగుతోనూ పరీక్ష చేయించాను. చర్మం అడుగున పుట్టే అరుదైన క్యాన్సర్. చాలావరకు దూరం పోదు, చుట్టూ పాకుతుంది. కొంచెం మిగిలినా మళ్లీ లేస్తుంది.

అరచేయంత వెడల్పున కోసి తీసేశారు. ఆ ముక్క అంచులన్నీ భయపడుతూనే చూశాను. ఎక్కడా ఆ కణాలు లేవు. మంచం దగ్గరికి పోయి ఓబన్నకు ఆ సంగతి చెప్పాను. వాత వల్ల జబ్బు రాలేదని, కానీ పైన మచ్చ కట్టి దాన్ని దాచిందని, ఆ రెండేళ్లలో గడ్డ లోపలికి పాకిందని కూడా చెప్పాను.

అంతలో మారెక్క నీళ్లు పట్టుకుని వచ్చింది. ఆపరేషన్ నాటి నుంచి ఆమె సరిగా తినడం లేదని నర్సు నాతో అంది.

"నేను కాల్చినందుకే వచ్చిందా మేడం?"

"కాదు. నువ్వు కాల్చకముందే ఉండింది. ఇంక మనుషులకు మాత్రం వాత పెట్టొద్దు."

"అట్లయితే నేను కాల్చినందుకు ఈయప్పకు ఏం గాలేదా?"

నేను నోరు తెరిచేలోపే ఓబన్న అందుకున్నాడు. "ఏం గాలేదు. మేడం ఇప్పుడే చెప్పినారు నాకు. పో, పోయి తిను."

నేను కాదనలేదు.