నాన్న గిటారుకి నేను పెట్టిన తడి

ఇరవై ఏళ్ళకి పైగా నాన్న ప్రతి ఆదివారం కంకిపాడు చర్చిలో గిటారు వాయిస్తున్నాడు. మేం సిటీలో బెంజ్ సర్కిల్ దగ్గరికి మారిపోయినా అది మానలేదు. అలాంటిది ఈ వానాకాలం ఒక ఆదివారం, పాట మధ్యలో ఆగి ఎడమ చెయ్యి విదుల్చుకున్నాడు. ఇంటికొచ్చాక, "తీగలు నొక్కలేకపోతున్నానమ్మా. వయసైపోయింది. ఇంకెవరినైనా చూసుకోమని పాస్టర్ గారికి చెప్పేస్తాను" అన్నాడు.

నేను ఫోన్లోంచి తలెత్తలేదు. "వయసూ లేదు, ఏమీ లేదు. ప్రాక్టీసు చెయ్యవు, పొద్దస్తమానం సీరియళ్ళు చూస్తావు. వేళ్ళేం చేస్తాయి పాపం!"

ఆయన గిటారు పెట్టెలో పెట్టి మూత వేశాడు.

మూడు రోజులైనా ఆ మూత తియ్యలేదు. నాకు ఒళ్ళు మండింది. నాలుగు కార్డ్స్ పట్టడం మాత్రమే వచ్చిన నేనే వాయించి చూపిద్దామని గిటారు తీశాను. తీగలు ఎంత ఎత్తున ఉన్నాయంటే, ఒక్కసారి నొక్కేసరికి వేలి మీద గాడి పడింది. గిటారే పాడైందని అర్థమై, ఆటో ఎక్కి గవర్నర్‌పేటలో మేడ మీదున్న చిన్న రిపేరు షాపుకి పట్టుకెళ్ళాను.

రిపేరు చేసే ఆయన తీగల వంక చూడనేలేదు. స్టీలు స్కేలు తీసి గిటారు పైచెక్క మీద అడ్డంగా పెట్టాడు. అది రెండు పక్కలా ఊగింది.

"పొట్టొచ్చిందమ్మా దీనికి. చెక్క ఉబ్బి తీగల్ని పైకెత్తేసింది. వానలో గానీ తడిసిందా?"

"లేదండీ, చాలా జాగ్రత్తగా చూసుకుంటాం. వారం వారం స్పాంజి తడిపి మరీ పెట్టెలో పెడతాను."

"ఏం పెడతారూ?"

వేసవిలో చూసిన వీడియో ఫోన్లో తీసి చూపించాను. తడి లేకపోతే చెక్క పగులుతుందని చెప్తున్న మనిషి స్వెట్టరు వేసుకున్నాడు. వెనక కిటికీ బయట మంచు. అది నా కంటికి అప్పుడే ఆనింది.

"వాళ్ళది చలిదేశమమ్మా. ఇంట్లో హీటర్లేసుకుంటే గాలి ఎండిపోద్ది. మనకి ఆరేసిన బట్టలు రెండ్రోజులకి గానీ ఆరవు. కృష్ణ ఒడ్డునున్న గిటారుకి దాహమేస్తదని ఎలా అనుకున్నారండీ?"

సిగ్గుపడాల్సిన చోట నాకు కోపమొచ్చింది. "సరేలెండి. తీగల కింద ఎముక పట్టీ ఉంటుందిగా, అది అరగదీసి తీగలు దించెయ్యండి. గంట పని."

"ఇప్పుడు అరగదీస్తే, చెక్క ఆరి పొట్ట తగ్గాక తీగలు మెడ మీది ఈ ఫ్రెట్ కడ్డీలకి తగిలి గరగరమంటాయి. అరిగిన ఎముక మళ్ళీ పెరగదు కదా! రెండు వారాలు ఇక్కడే ఆరనివ్వండి."

"ఆదివారం చర్చిలో వాయించాలండీ."

"మీరా?"

"మా నాన్న."

ఆయన తీగని వేలితో నొక్కి వదిలాడు. "ఇన్నాళ్ళూ దీని మీదే వాయించారా? అమ్మో!"

మెట్లు దిగుతుంటే అదే మెదిలింది. నాన్న ఒక్కసారి కూడా గిటారుని అనుమానించలేదు. పనైపోయింది తన వేళ్ళదే అనుకున్నాడు. నేనూ తప్పంతా ఆయన మీదే వేశాను, ఇంకా చులకనగా.

అయినా ఆ రెండు వారాలూ నాన్నతో సర్వీసింగ్‌కి ఇచ్చానన్నాను తప్ప స్పాంజి మాట ఎత్తలేదు. ఈలోపు ఆయన పాస్టర్ గారికి మానేస్తున్నట్టు చెప్పేశాడు.

గిటారు ఇంటికి తెచ్చిన రోజు నాన్న ఒక కార్డ్ పట్టి, ఆశ్చర్యంగా చూశాడు. "ఇంత తేలిగ్గా ఉందేంటి? ముసలాడి కోసమని చెప్పి తీగలు దింపించావా?"

ఊఁ అంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా.

"కాదు నాన్నా. నీ వేళ్ళు బాగానే ఉన్నాయి. దాన్ని పాడుచేసింది నేను" అని స్పాంజి సంగతి చెప్పాను.

తిడతాడనుకున్నాను. ఆయన చాలాసేపు తన ఎడమ చేతివైపే చూసుకున్నాడు. తర్వాత చర్చిలో ఆ రోజు మధ్యలో ఆపేసిన పాట మొదటినుంచి చివరిదాకా వాయించాడు.

"పాస్టర్ గారికి ఫోన్ చెయ్యి" అన్నాడు. "వయసని నేను చెప్పాను. సంగతేంటో నువ్వు చెప్పు."

రింగవుతుంటే, స్పాంజి మాట లేకుండా చెప్పే దారేమైనా ఉందేమోనని వెతుక్కున్నాను. పాస్టర్ గారు ఎత్తారు. ఎదురుగా నాన్న, ఒళ్ళో గిటారు. స్పీకర్ ఆన్ చేసి మొత్తం చెప్పాను.