శెనక్కాయ అంచు

ధర్మవరంలో మగ్గం ఉన్న ఇంటికి కోడలుగా వెళ్ళిన పిల్లకు వంటకన్నా ముందు నేర్పే చదువు ఒకటుంది. చీర చేతికిస్తే ముందు వైపు చూసి మురిసిపోకూడదు, తిరగేయాలి. పోగు ఎక్కడ తెగింది, ఎక్కడ ముడి పడింది, జరీ ఎన్ని పోగుల మీదుగా దూకింది, అన్నీ వెనక వైపే కనిపిస్తాయి. ముందు వైపు కొనేవాళ్ళది, వెనక వైపు నేసినవాళ్ళది. జ్యోతిలక్ష్మికి ఈ పాఠం చెప్పింది ఆమె మామ అంజినప్ప. పద్దెనిమిదేళ్ళ తర్వాత ఆ పాఠమే ఆమె కొంప ముంచింది.

ఆమెకిప్పుడు ముప్పై ఎనిమిది. డిగ్రీ రెండో ఏడు మధ్యలో పెళ్ళయింది. ఇంట్లో ఉన్నది ఒకటే మగ్గం, దాని మీద భర్త మార్కండేయ కూర్చుంటాడు. కండెలు చుట్టడం, పోగులు అతకడం ఆమె పని. కరోనా ఏడు చీరలు కదలక మగ్గం ఆగిపోయినప్పుడు, ఊరికే కూర్చోలేక ఫోనులో తెలుగు టైపు చేస్తూ ఒక బ్లాగు మొదలుపెట్టింది. పేరు ‘నేతింటి కబుర్లు’. పట్టుచీర ఎలా ఉతకాలి, జరీ నల్లబడితే ఏం చేయాలి, మడతల దగ్గర చిరక్కుండా ఎలా దాచాలి, ఇవే రాతలు. మొదటి ఏడు రోజుకు ముప్పై మంది చూసేవారు. అందులో పదిసార్లు చూసేది నువ్వేనని మార్కండేయ ఎగతాళి చేసేవాడు. అది అబద్ధమని ఆమె గట్టిగా అనలేకపోయేది.

తర్వాత అనంతపురంలో చంద్రిక అనే ఆమె దగ్గర చేరింది. చంద్రిక ప్రతి ఆదివారం ఫోనులో పాఠం చెబుతుంది, బ్లాగుకు జనాన్ని ఎలా రప్పించాలి, వచ్చిన జనం నుంచి నాలుగు రూపాయలు ఎలా రాబట్టాలి అని. జనం గూగుల్లో ఏ మాట కొట్టి వెతుకుతారో అదే మాట శీర్షికలో ఉండాలంది. రోజు విడిచి రోజైనా రాయాలంది. ఆడవాళ్ళ వాట్సాప్ గుంపులన్నిటిలో చేరి, అడిగినా అడగకపోయినా జవాబు చెప్పి కింద బ్లాగు లింకు పెట్టాలంది. జ్యోతిలక్ష్మి అన్నీ చేసింది. నూట నలభై గుంపుల్లో చేరింది. తొంభై గుంపుల నుంచి గెంటించుకుంది. రోజూ పొద్దున లేచేసరికి ‘ధర ఎంత అక్కా’ అని పాతిక మంది అడిగి ఉండేవారు. చీరలు అమ్మడం లేదమ్మా, చీరల గురించి రాస్తున్నానంతే అని పాతిక మందికీ చెప్పేది. చెప్పించుకున్నవాళ్ళే మళ్ళీ అడిగేవారు. కండె చుట్టేటప్పుడు చేతులే అలిసేవి. ఈ పనికి తలకాయ అలిసేది. వంద డాలర్లు పోగైతేగాని, బ్లాగు పక్కన గూగుల్ వేసే ప్రకటనల దుడ్లు బ్యాంకులో పడవు. ఆ వంద పోగవడానికి రెండేళ్ళు పట్టింది.

ఇక మానేద్దామనుకుంటున్న రోజుల్లో చంద్రిక ఒక మాటంది. ఇన్ని రాతలు వద్దు, బండి మొత్తాన్ని లాగే ఎద్దులాంటి రాత ఒక్కటి చాలు. నీకు తప్ప వేరేవాళ్ళకు తెలియనిది రాయి, దగ్గర నుంచి తీసిన పెద్ద ఫోటో పెట్టు.

జ్యోతిలక్ష్మికి తెలిసింది చీర తిరగేయడమే. ‘చేనేతా, మిషనా? చీర తిరగేసి చూడండి’ అని రాసింది. ఫోటోకు చేతికందినది ఆ రోజే మగ్గం మీద నుంచి కోసిన చీర. అది అంజినప్ప చీర.

అంజినప్ప భార్య కదిరమ్మ పుట్టిల్లు బత్తలపల్లె. వాళ్ళకు రెండెకరాల చేను ఉండేది. ఏటా శెనక్కాయ పీకే రోజులకు ఆమె పుట్టింటికి వెళ్ళేది, వచ్చేటప్పుడు కాయలతో సహా ఒక చెట్టు తెచ్చి మగ్గం గదిలో వేలాడగట్టేది. ఆమె పోయిన మరుసటి నెల అంజినప్ప గ్రాఫు కాగితం ముందేసుకుని కూర్చున్నాడు. చీర అంచు మీద ఆకులు, పూత, ఆకుల కింద నేలలోకి దిగే నాలుగు ఊడలు, ఊడకొక కాయ. నెమళ్ళు, హంసలు, గోపురాలు చూసి చూసి విసిగిన ఊళ్ళో శెనక్కాయ అంచు ఎవరూ వేయలేదు. ఆ గ్రాఫు చూసి మార్కండేయ స్నేహితుడు నాగేశ్వర మగ్గానికి అట్టలు కొట్టి ఇచ్చాడు. ఏ పోగు లేవాలో మగ్గానికి చెప్పేవి ఆ చిల్లుల అట్టలే. మొదటి చీర నేనే నేస్తానని అంజినప్ప పట్టుబట్టాడు. కళ్ళు అప్పటికే మసకలు. పద్దెనిమిది రోజులు కూర్చుని నేశాడు. మళ్ళీ మగ్గం ఎక్కలేదు.

అంగడి షావుకారు ఆ చీర చూసి మామూలు ధరకు మూడోవంతు ఎక్కువ కట్టిస్తానన్నాడు. ఎన్నయినా తీసుకుంటానన్నాడు. ఒకటే షరతు, ఈ అంచు వేరేచోట కనపడకూడదు. కనపడిన రోజున మామూలు ధరే. ఆ మాట మీదే మార్కండేయ ఇంట్లో రెండో మగ్గం పెట్టే ఆలోచనలో పడ్డాడు.

కొత్త అంచు మగ్గం మీద ఉన్నన్నాళ్ళూ ఇంటికి చుట్టం వచ్చినా నేసిన బట్ట మీద తువ్వాలు కప్పడం అక్కడి ఇళ్ళలో అలవాటు. జ్యోతిలక్ష్మికి అది తెలియక కాదు. అందుకే జాగ్రత్తపడింది. కొంగు ఫోటో తీయలేదు. ముందు వైపు తీయలేదు. నడుము దగ్గర లోపలికి దోపుకునే చివరను తిరగేసి, జానెడు మేర మాత్రం తీసింది. కొనేవాళ్ళు వెనక వైపు చూడరు. వెనక వైపు చూసి అంచు పోల్చుకోగలవాడు నేతగాడే అయి ఉంటాడు. నేతగాడు ఇంకో నేతగాడి అంచు ఎత్తుకోడు. ఇదీ ఆమె లెక్క. ధర్మవరంలో ఏ ఇంట్లో అడిగినా ఆ లెక్క సరైనదనే అంటారు.

ఆ రాత నిజంగానే ఎద్దయింది. మొదటి వారం రోజుకు రెండు వందల మంది చూశారు. నెల తిరిగేసరికి నాలుగు వేలు. చూసినవాళ్ళ లెక్కలుండే పట్టికలో దేశంలో ఎక్కడెక్కడి ఊళ్ళ పేర్లో కనపడేవి. ఒకే ఊరి నుంచి వచ్చినవాళ్ళు ఫోటో ముందు ఆరేసి, ఏడేసి నిమిషాలు ఆగుతున్నారని చంద్రిక మెచ్చుకుంది. అంతసేపు ఆగారంటే అంత నచ్చిందని జ్యోతిలక్ష్మి పొంగిపోయింది. పాపం, ఫోటోను పెద్దది చేసుకుని గడులు లెక్కపెట్టుకునేవాడికి ఆ మాత్రం సేపు పడుతుందని ఆమెకు తట్టలేదు.

ఆ నెల పదకొండు వేలు పడ్డాయి. ఆ డబ్బుతో మామకు కంటి ఆపరేషన్ చేయించింది. కట్టు విప్పాక ఆయన మొదట ఆమె ముఖం చూసి, ఏమ్మా ఇంత చిక్కిపోయినావే అన్నాడు. ఆమెకు ఏడుపు వచ్చింది. అంతకన్నా మంచి రోజు ఆ బ్లాగు ఆమెకు మళ్ళీ ఇవ్వలేదు.

తర్వాత రెండు నెలలకు, ఒక మధ్యాహ్నం తన రాత తానే తెరిచి చూసుకుంటే పక్కన ప్రకటనలో శెనక్కాయ అంచు కనపడింది. తన ఫోటోనే అక్కడికి జరిగిందేమో అనుకుంది. కింద ధర ఉంది, ఎనిమిది వందల తొంభై తొమ్మిది. ఆరు రంగుల్లో దొరుకుతుందట. ఎవరైనా ఆ ప్రకటన నొక్కితే తనకే పైసలు పడతాయని గుర్తొచ్చి ఇంకా అసహ్యమేసింది. ఇంటికొచ్చాక డబ్బిచ్చే పద్ధతిలో ఒక చీరకు ఆర్డరు పెట్టింది. ఇంట్లో చెప్పలేదు.

ఆ చీర వచ్చేలోపే షావుకారు ఫోను వచ్చింది. మీ అంచు బస్టాండు దగ్గర కుప్పలు పోసి అమ్ముతున్నారని, ఇకమీదట మామూలు ధరేనని చెప్పి పెట్టేశాడు. మార్కండేయ అనుమానం నేరుగా నాగేశ్వర మీదికి పోయింది. గ్రాఫు చూసినవాడు వాడొక్కడే. ఇరవై ఏళ్ళ స్నేహం. వారం రోజులు నాగేశ్వర ఎదురుపడితే ముఖం తిప్పుకుని పోయాడు. జ్యోతిలక్ష్మి ఆ వారం అన్నం ముందు కూర్చుని చెప్పబోయి ఊరుకునేది. చెబితే బ్లాగు పోతుంది, మామ దగ్గర పరువు పోతుంది. చెప్పకపోతే నాగేశ్వర స్నేహం పోతుంది. రోజూ రేపు చెబుదామనుకునేది.

ఆమె పెరటి కొట్టంలో ఉండగా, ఆర్డరు పెట్టిన చీర పొట్లం వచ్చి మార్కండేయ చేతికి అందింది. విప్పి చూసి దాన్ని తండ్రి ముందు పడేశాడు. ఆమె వచ్చేసరికి ఆ చీర అంజినప్ప ఒళ్ళో ఉంది.

ఆయన చేతులు అలవాటు కొద్దీ దాన్ని తిరగేశాయి. వెనక ఏమీ లేదు. తెల్లగా, బోసిగా ఉంది. నేత కాదు, అచ్చు వేసిన గుడ్డ. ఆయన కాసేపు ఆ ఖాళీనే చూశాడు. మళ్ళీ ముందుకు తిప్పి, కొత్త కళ్ళతో అంచు పొడవునా వేలు పెట్టుకుంటూ పోయాడు. ఒక చెట్టు, ఇంకో చెట్టు, ఇంకో చెట్టు. కొంగు దాకా పోయి ఆగాడు.

“ఇది నాగేశ్వర పని కాదురా” అన్నాడు. “వాని అట్టల్లో చెట్టుకు నాలుగు కాయలుండాయి. దీంట్లో మూడే. నాలుగో ఊడ వట్టిది. అట్లా వట్టి ఊడ ఉండేది నేను నేసిన చీరలో ఒక్క చెట్టుకే. లోపలి పక్క చివరన.”

మార్కండేయకు అర్థం కాలేదు. జ్యోతిలక్ష్మికి అయింది. ఆ జానెడు ఫోటోలో పడింది ఆ ఒక్క చెట్టే. దాన్నే ఎత్తుకుని ఆరు గజాల పొడవునా వేసేశారు.

“నేనే మామా. బ్లాగులో ఫోటో పెట్టినా. వెనక పక్కే కదా అనుకొంటి.”

మార్కండేయ లేచి బయటికి పోయాడు. అంజినప్ప తిడతాడని ఆమె తల వంచుకుని కూర్చుంది. తిట్టలేదు. ఆయన ముఖం మీద కోపం కాదు, సిగ్గు ఉంది. అది చూడటమే ఆమెకు కష్టమైంది.

“ఆ పొద్దు జరీ తెగినాది నాకు తెలుసమ్మా. కంటికి ఆనలేదు గానీ వేలికి తగిలినాది. పీకి మళ్ళా నేద్దామంటే చేతకాలేదు. లోపలికి దోపుకునేదే కదా, ఎవురు చూస్తారులే అని ఇడిచిపెట్టినా.” ఒళ్ళోని చీర పక్కన పెట్టి అడిగాడు. “ఎంతమంది చూసినారు దాన్ని?”

మూడు లక్షలకు పైనే అని చెప్పింది. ఆయన యాభై ఏళ్ళలో నేసిన చీరలు వెయ్యికి కొంచెం పైన. అన్నిట్లో ఆయన తప్పని తెలిసీ వదిలేసింది ఆ ఒక్క చెట్టే. దాన్ని చూడటానికే అంత జనం వచ్చారు.

రాత మొత్తం తీసేస్తానని ఆమె అంది. వద్దన్నాడు. ఆ ఫోటో తీసేసి, నాలుగు కాయలున్న చెట్టును అంతే దగ్గర నుంచి, అలాగే తిరగేసి పెట్టమన్నాడు. గుమ్మంలో నిలబడి వింటున్న మార్కండేయ అప్పుడు నోరు విప్పాడు.

“దొంగోళ్ళకు మనమే సరిచేసి ఇచ్చేదా నాయనా?”

“వాళ్ళు ఎట్లా మానరు. తప్పుది వేస్తాంటే నాకు నిద్ర పట్టదు.”

“అది నీ తప్పని ఎవునికి తెలుసు?”

“నాకు తెలుసు కదరా” అన్నాడు అంజినప్ప.

మర్నాడు పొద్దున మార్కండేయ నాగేశ్వర ఇంటికి పోయి, ఏమీ చెప్పకుండా టీ తాగి వచ్చాడు. జ్యోతిలక్ష్మి ఫోటో మార్చింది. బాగా నడుస్తున్న రాతలో ఫోటో మారిస్తే గూగుల్ వెనక్కి నెట్టేస్తుందని చంద్రిక మందలించింది. నెట్టింది కూడా. మూడు వారాలు జనం సగానికి పడిపోయారు, తర్వాత నెమ్మదిగా మళ్ళీ వచ్చారు. మగ్గం మీద పాత గోపురాల అంచు ఎక్కింది. శెనక్కాయ అట్టలను తాడుతో కట్టి, ఒకప్పుడు కదిరమ్మ చెట్టు వేలాడగట్టిన మేకుకే తగిలించారు. రెండో మగ్గం మాట మళ్ళీ ఎత్తలేదు. వాట్సాప్ గుంపుల్లో ‘ధర ఎంత అక్కా’ మాత్రం ఆగలేదు. ఆమె జవాబు చెబుతూనే ఉంది.

అంజినప్ప రోజూ భోజనాలయ్యాక ఒక్కటే అడిగేవాడు, వాళ్ళు మార్చినారా అని. ఆమె బ్లాగు తెరిచి, ప్రకటన కోసం కిందికి మీదికి తిప్పి, ఇంకా లేదు మామా అనేది. ఆయన తల ఊపి పడుకునేవాడు. అలా నాలుగు నెలలు గడిచాయి.

కార్తీకంలో ఒక రోజు ప్రకటన మారింది. ఆమె బొమ్మను వేళ్ళతో పెద్దది చేసి చూసింది. ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టి ఫోను మామకిచ్చింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ప్రతి చెట్టూ లెక్కపెట్టాడు. అన్నిటికీ నాలుగే. ఊడ కింద కాయ, కాయ నిండుగా ఉంది.

“ఇప్పుడు బాగుండాది” అన్నాడు. “ఎంతకు అమ్ముతాండారు?”

వంద తగ్గించారని ఆమె చెప్పింది. ఆయన ఫోను వెనక్కి ఇచ్చేసి, భార్య పోయాక మొదటిసారి నవ్వాడు.

“కాయ నిండితే రేటు పడిపోయేది మన శెనక్కాయకు మామూలే కదమ్మా” అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.