దవాఖాన నుంచి వచ్చిన సాయంత్రం

ఎనభైల చివర్లో నేను పదో తరగతి చదివేటప్పుడు మాకు తెలిసిన కొలువులు రెండే, పంతులు, పోలీసు. నార్కట్‌పల్లి దగ్గరి మా బడిలో మూడో కొలువు పేరెత్తినవాళ్లు లేరు. అది చూసి మా సైన్సు సారుకు చిర్రెత్తింది. ఒకరోజు మమ్మల్ని బస్సెక్కించి నల్లగొండలో ఒక దవాఖానకు తీసుకుపోయాడు. "డాక్టరొక్కడే కాదు, ఈడ ఇంకెందరు ఎన్ని పనులు చేస్తరో కండ్లార చూడుండ్రి" అన్నాడు.

బాపుకు ఈ ప్రయాణం ఇష్టం లేదు. నా చిన్నతనంలో అమ్మకు కాన్పు కష్టమైంది. ఎడ్లబండిలో దవాఖానకు పోతుంటే తోవలోనే ప్రాణం పోయింది. పుట్టబోయే బిడ్డా దక్కలేదు. ఆ తర్వాత బాపు గొర్ల మందతో ఎంత దూరమైనా తిరిగాడు గాని, దవాఖాన దిక్కు మాత్రం పోలేదు. నర్సు చదువు చదువుతానని నేను అంతకుముందే అడిగాను. "సచ్చెటోళ్ల నడుమ నా బిడ్డ ఎందుకుండాలె?" అని కసిరాడు. మొండితనంలో నేనూ ఆయన బిడ్డనే, అందుకే సారు వెంట పోయాను.

రక్తపరీక్షల గది, మందులిచ్చే కిటికీ అన్నీ చూశాం. మగపిల్లలు ఎక్స్‌రే మిషను దగ్గర్నుంచి కదల్లేదు. కాన్పుల గది ముందు ఒక నర్సమ్మ, "ఆడపిల్లలు ఎవరన్న లోపటికొస్తరా?" అని అడిగింది. అందరూ నా వెనక దాక్కున్నారు. నేనొక్కదాన్నే పోయాను. అప్పుడే పుట్టిన పసిగుడ్డును గుడ్డలో చుట్టి నా చేతుల్లో పెట్టి, నర్సమ్మ బాలింత వైపు తిరిగింది. తల్లికి రక్తం ఆగడం లేదు. నర్సమ్మ ఆమె పొత్తికడుపును అరచేత్తో నొక్కి రుద్దుతూనే ఉంది. నాకు అమ్మ గుర్తొచ్చింది. పారిపోదామనిపించింది గాని చేతుల్లో బిడ్డ ఉంది. చాలాసేపటికి రక్తం తగ్గింది. తల్లి కళ్లు తెరిచి "ఏం బిడ్డ?" అని అడిగింది. ఆడపిల్ల అని నేనే చెప్పాను.

ఇంటికొచ్చేసరికి వాకిట్లో బాపు నీళ్ల బిందెతో నిలబడి ఉన్నాడు. మా ఊళ్లో దవాఖాన నుంచి వచ్చినవాళ్లు తలమీద నీళ్లు పోసుకోనిదే గడప దాటరు. అక్కడికి పోతే శవంతోనే తిరిగొస్తారని మావాళ్ల లెక్క. ఆ సాయంత్రం మా తరగతిలో మిగతా అందరికీ, ఎవరూ చావకుండానే, చావు స్నానాలయ్యాయి.

"ఆగు" అన్నాడు బాపు. "గా కొలువు జేస్తే రోజూ గిట్లనే తానం జేసి ఇంట్లకు రావాలె. ఇష్టమేనా?"

"ఆడ ఎవరు సావలే బాపు. ఆడివిల్ల పుట్టింది. నేనే పట్టుకున్న."

నీళ్లలో చెంబు ముంచబోయిన చెయ్యి ఆగింది. "తల్లి?"

"బతికింది."

బాపు అక్కడే కూలబడ్డాడు. నర్సమ్మ ఏం చేసిందో చెప్పమన్నాడు. చెప్పాను.

"మీ అమ్మకు గట్ల ఎవ్వలు జెయ్యలే" అన్నాడు మెల్లగా. నాకు ఏడుపు ఆగలేదు.

"గా పని నేర్సుకుంటే తల్లులు బతుకుతరా?" అని అడిగాడు.

అవునంటే అక్కడికక్కడే ఒప్పుకునేవాడు. కాని ఆ విషయంలో ఆయనతో అబద్ధం చెప్పబుద్ధి కాలేదు నాకు. "అందరు బతకరు బాపు" అన్నాను.

బాపు లేచి, బిందెలో నీళ్లు తీసుకుపోయి గొర్ల తొట్టిలో పోశాడు.

"అందరు గాకున్న మంచిదే. పోయి నేర్సుకో బిడ్డా" అన్నాడు.