కొంగుముడిలో గోలీలు

నేను నర్సింగు చదివే ఎనభైలల్ల, వరంగల్ బస్టాండుల పక్కన కూసున్న అవ్వ కొంగుముడి విప్పి గోలీలు చూపెట్టింది. అప్పుడే దవాఖాన నుంచి ఇంటికి పోతాంది.

"షుగర్ గోలీలు బిడ్డా. నర్సమ్మ చేతుల పెట్టి పక్క మంచం కాడికి పోంగనే కొన్ని దాసిన. మా ముసలాయనకు గూడ కండ్లు తిరుగుతయి."

"ఆయనకు షుగర్ ఉన్నదా?"

"ఏమో. ఎన్నడు చూపెట్టుకోలే."

"అయితే ఇయ్యకు అవ్వా. షుగర్ లేనోళ్లు మింగితే పానం మీదికొస్తది."

ఆమె నవ్వి మళ్ల ముడేసింది. ఇంతల ఆమె బస్సొచ్చింది. కిటికీ ఎంబడి ఉరుక్కుంట మళ్ల చెప్పిన.

"ఫికర్ జెయ్యకు" అని చెయ్యూపింది.

ఇప్పటికీ వార్డుల గోలీ ఇచ్చినంక, మింగేదాకా మంచం కాడనే నిలబడుత. పేషంట్లు విసుక్కుంటరు. ఆ ముసలాయనకు షుగర్ ఉండెనో లేకుండెనో నాకింకా తెల్వదు.