ఎలీషమ్మ పిలుపు

అలియాబాద్ దాటాక హైవేకి దిగువన ముప్పై ఇళ్ళ ఎరుకల కాలనీ ఒకటుంది. అందులో ఎలీషమ్మ అంటే తెలియనివాళ్ళు లేరు. మొగుడు గిడియోన్ పోయి ఆరేళ్ళు. అప్పట్నుంచీ ట్రాలీ ఆటో తనే నడుపుకుంటూ, కండ్లకోయ కాలేజీ హాస్టళ్ళలో మిగిలిన అన్నం డ్రమ్ములకెత్తి తెచ్చి పదిహేడు పందుల్ని సాకింది. ఆమెకు పొలమైనా పింఛనైనా ఆ పదిహేడే. హాస్టల్ పిల్లలెవరైనా ముక్కు మూసుకుంటే, "మూస్కో బిడ్డా, మీరు పారేసిన బువ్వనే తింటున్నయ్" అనేది.

ఆ కాలనీ పందులు పగలంతా చెరువు దిక్కు పొదల్లో తిరుగుతాయి. రావాలంటే ఇంటివాళ్ళు పిలవాలి. ఏ ఇంటి పిలుపు ఆ ఇంటిదే. పక్కింటి పిలుపుకు పంది తల కూడా ఎత్తదు. ఎలీషమ్మకు పిలుపు అత్త నేర్పింది. "హుర్రో… దా దా… హుర్రో" అని సాగి, చివర నాలుక టక్కుమంటుంది. ఓసారి ఏదో ఛానెలంటూ ఇద్దరు కుర్రాళ్ళు ఫోన్లు పట్టుకొచ్చి, పందులు మాట వినడం వీడియో తీస్తామన్నారు. పొగడ్తంటే చెవి కోసుకునే మనిషి కదా, పడీపడీ నవ్వుతూ మూడుసార్లు పిలిచి చూపించింది.

పోయిన వానాకాలం ఒక మధ్యాహ్నం ఆమె డ్రమ్ములతో తిరిగొచ్చి ఎంత పిలిచినా ఒక్క పందీ రాలేదు. అరుపు విన్నారా అని కాలనీ అంతా అడిగింది. ఎవరూ వినలేదు. అక్కడే ఆమెకు అనుమానం తగిలింది. వలేసి పట్టుకుంటే పంది అరుపుకు రెండూళ్ళు లేస్తాయి. అరుపు లేదంటే వాటంతట అవే నడిచి వెళ్ళాయి. అంటే ఎవరో పిలిచారు.

ఆ పిలుపు తెలిసిన రెండో మనిషి ఒక్కడే, మరిది పరమేష్. అత్త కొడుకులిద్దరికీ నేర్పింది మరి. పైగా అతనూ పందులు పెంచాలనుకోవడంతో, హాస్టల్ అన్నం నాదంటే నాదని వారం కిందటే వదినా మరుదులు జుట్టూ జుట్టూ పట్టుకున్నంత పనిచేశారు.

ఆదివారం ప్రార్థన అయ్యాక కులపెద్ద ఎంకయ్య చర్చి రేకుల షెడ్డు ముందు అందర్నీ కూర్చోబెట్టాడు. ఎలీషమ్మ కుండబద్దలు కొట్టింది.

"నా పిలుపు వీనికి తప్ప ఎవనికెరుక? గిది ఇంటి దొంగ పనే."

పరమేష్ ఏడేళ్ళ కూతురు నయనను ముందుకు లాక్కుని తలమీద చెయ్యి పెట్టాడు. "నా బిడ్డ మీద ఒట్టు వదినా. నేను పిలువలే."

ఎవరూ నమ్మలేదు. పరమేష్ ఇంటికి నిప్పు ఇవ్వకూడదు, నీళ్ళు ఇవ్వకూడదు, ఆ ఇంటివాళ్ళతో మాట్లాడకూడదు అన్నాడు ఎంకయ్య. అందరూ తలలూపారు. అందరికంటే ముందు ఎలీషమ్మే ఊపింది.

మూడు వారాలకు నయనకు జ్వరం తగిలింది. ఓ పొద్దున పరమేష్ పనికి పోయాక పిల్ల మగతలోకి జారింది. అతని భార్య ఝాన్సీ ఎలీషమ్మ గుమ్మం ముందుకొచ్చి నిలబడింది.

"అక్కా, పిల్ల కండ్లు తెరుస్తలేదు. జర మేడ్చల్ దాకా ఆటో తియ్యే. నీ కాల్మొక్త."

ఎలీషమ్మ లోపలే ఉంది, పలకలేదు. కులకట్టు దాటకూడదని తనకు తాను చెప్పుకుంది. అబద్ధం. కట్టు కాదు, కోపం. మధ్యాహ్నం పరమేష్ వచ్చి పిల్లను భుజాన వేసుకుని హైవే దాకా పరిగెత్తాడు. మర్నాడు ఆసుపత్రిలో నయన చచ్చిపోయింది. డెంగీ అన్నారు.

కాలనీ మాత్రం వేరే మాటంది. "బిడ్డ మీద దొంగ ఒట్టు పెడితే గంతే అయితది" అంది, పిల్ల శవం ఇంకా ఇంట్లో ఉండగానే. వాళ్ళ నోళ్ళు పడిపోను! కడుపుకోతలో ఝాన్సీ కూడా ఆ మాటే నమ్మింది. కూతుర్ని మొగుడే పొట్టన పెట్టుకున్నాడని సుచిత్ర చౌరస్తా దగ్గరున్న తల్లిగారింటికి పోయింది. పరమేష్ ఎటు పోయాడో ఎవరికీ తెలియదు. ఎలీషమ్మ ఏమనుకుందో చెప్పడానికి నాకు సిగ్గేస్తోంది. దేవుడున్నాడు అనుకుంది.

నాలుగు నెలలు గడిచాయి. పందులు లేక, ఆటో అమ్మేసుకుని ఎలీషమ్మ అపార్ట్‌మెంట్లలో మెట్లు తుడిచే పనికి కుదిరింది. ఒకరోజు పనికి పోతుంటే ఖాళీ ప్లాట్ల మధ్య పందులు పట్టే బండి ఆగి ఉంది. దాని మైకులోంచి పిలుపులు వస్తున్నాయి. ఏ కాలనీ పందులో తెలియదు కాబట్టి ఒకదాని తర్వాత ఒకటి వేస్తున్నారు. మొదటిది ఎవరో ముసలాయనది. రెండోది ఎవరో ఆడమనిషిది. మూడోది, "హుర్రో… దా దా… హుర్రో." వెనకే పడీపడీ నవ్వు. ఆ గొంతూ ఆ నవ్వూ తనవే, ఆ కుర్రాళ్ళు వీడియోలో పట్టుకెళ్ళినవే.

బండి ఎవరిదని అడిగితే లీడర్ శ్రీనివాస్‌దని చెప్పాడు డ్రైవరు. కాలనీ పక్కన వెంచర్ వేస్తున్నది అతనే. మున్సిపాలిటీకి పందులు పట్టే కాంట్రాక్టూ అతనిదే. పట్టినవాటిని అడవిలో వదిలామని కాగితం రాసి లారీలకెక్కించి అమ్ముకుంటాడు. ఎలీషమ్మ నేరుగా అతని ఆఫీసుకు పోయింది. అతను మర్యాదగా కుర్చీ చూపించాడు.

"కేసు పెడ్తవా? పెట్టు ఎలీషమ్మా. గొంతెవరిది? నీదే గదా. నువ్వే పిలిచి బండెక్కించినవని రాస్తడు ఎస్సై, మనోడే. ఎట్లాగూ పందులు పోయినయ్. ఇగ మీరు గూడ జాగ ఖాళీ చెయ్యుండ్రి."

ఆమె ఆఫీసులోంచి బయటికొచ్చింది. బస్సెక్కి సుచిత్రలో దిగింది. ఝాన్సీ తల్లిగారిల్లు వెతుక్కుని, గుమ్మంలోనే నిలబడి, వీడియో దగ్గర్నుంచి బండి దాకా అంతా చెప్పేసింది. తిట్టినా కొట్టినా పడదామనే వచ్చింది. ఝాన్సీ తిట్టలేదు.

"అయితే ఆయన దొంగ ఒట్టు పెట్టలేదా?"

"పెట్టలే చెల్లే. తప్పు నాదే."

"మరి నా బిడ్డెందుకు సచ్చింది?"

"జరమొచ్చి…" అంది ఎలీషమ్మ.

ఝాన్సీ గుమ్మం దగ్గరికొచ్చింది.

"పొద్దుగాల తెస్తే బతుకుతుండె అన్నడు డాక్టరు. ఒట్టు తగిలినంక ఎప్పుడు తెస్తే ఏందని, ఆ మాట పట్టించుకోలే నేను. పొద్దుగాల నేను నీ తలుపుకాడనే ఉంటి గదా అక్కా."